గంగరత్నం ఎండబండి

ఏప్రిల్ 17, తెనాలి

ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో చెప్పగలిగితే, ఆ వస్తువును చెయ్యడం కూడా వచ్చినట్టేనా?

ఎమ్మెస్సీ రోజుల నుంచీ ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. బోర్డు మీద మోటారు బొమ్మ గియ్యమంటే కళ్లు మూసుకుని గీస్తాను. ఇంట్లో మిక్సీ ఆగిపోతే మాత్రం సంచిలో వేసుకుని రిపేరు షాపుకు నడుస్తాను. ఇన్నేళ్ల ఫిజిక్సు లెక్చరర్ ఉద్యోగంలో ఈ సంగతి ఏ విద్యార్థీ కనిపెట్టలేదు.

నిన్న రేపల్లెలో మాణిక్యాంబ అక్క ఇంటికి వెళ్తే గంగరత్నం అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన గంప లేదు. వేట నిషేధం మొదలైంది కదా, జూన్ సగం దాకా పడవలన్నీ ఒడ్డునే. ఆమె మెడకు తెల్ల పట్టీ.

“ఏంటి వదినా ఇది?”

“నగ అమ్మాయిగోరూ. డాక్టరుగారు చేయించారు.” నవ్వింది. నావైపు తిరగడానికి ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది. “ఇంక గంప నెత్తిన పెడితే చెయ్యి పడిపోద్దంట. ఆటో ఎక్కితే వాసనని దింపేస్తన్నారు. చేపకి చేప వాసన రాక సెంటు వాసన వస్తదా?”

అక్క ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ గంగరత్నమే చేప తెస్తుంది. తెల్లారేసరికి నిజాంపట్నం రేవులో కొని, రేపల్లె వచ్చి, స్టేషను వెనక వీధుల్లో అమ్ముతుంది. ఆ వీధులు ఆమెవి. ఎవరూ రాసివ్వలేదు. నిషేధం ఎత్తేశాక మొదటి చేప పడ్డ రోజున ఎవరు వచ్చి బోణీ చేస్తే ఆ ఏడాదికి ఆ వీధి వాళ్లది. ఆ రోజు రాకపోతే వదులుకున్నట్టే. చేపలమ్మే ఆడవాళ్ల మధ్య కట్టుబాటు అది. దాని మీద తగువులుండవట.

“ఈ ఏడు రాలేనేమోనమ్మా. రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి రమ్మంటన్నారు. నిలబడే పనే. మెడ వంచాలి మరి.”

అప్పుడు నా నోటి నుంచి వచ్చింది: “నేను బండి చేసిపెడతాను. కరెంటుది. ఎండతో కూడా నడిచేది.”

ఏప్రిల్ 18

నిజంగా అన్నానా? అన్నాను. అక్క సాక్షి.

ఏప్రిల్ 20

ఈయనకు చెప్పాను. పేపరు దించకుండానే, “మన ఫ్యాను రెగ్యులేటరు మార్చడానికి ఎలక్ట్రీషియన్ని పిలిచింది ఎవరు మాధవీ?” అన్నారు.

“మీరే.”

“పిలవమన్నది ఎవరని.”

పూర్ణచంద్రగారు బ్యాంకులో పనిచేస్తారు. జ్ఞాపకశక్తి ఎక్కువ.

ఇప్పుడు బండి గురించి తప్ప మరేమీ ఆలోచించలేకపోతున్నాను. వంట చేస్తూ గోడ మీద పప్పు గరిటెతో ఫ్రేము గీశాను. పాత లేడీస్ సైకిలు. వెనక భాగం పొడుగు చెయ్యాలి. రెండు పక్కలా, నేలకు దగ్గరగా వేలాడేలా రెండు ఐసు పెట్టెలు. బరువు కిందికి ఉంటే బండి తూలదు. వెనక చక్రంలో మోటారు. పెట్టెల పైన బల్లలా పరిచి సోలార్ పలక, చేపకు నీడ కూడా అవుతుంది. రేవు నుంచి రేపల్లెకు వచ్చి వీధులన్నీ తిరగడానికి ఇంట్లో ఎక్కించుకున్న చార్జింగు సరిపోతుంది. తిరిగి నిజాంపట్నంలో ఆమె ఇంటికి వెళ్లడానికి చాలదు. ఆమె వీధుల్లో అమ్ముకుంటున్నంతసేపూ పైన ఎండ ఎక్కిస్తూ ఉండాలి. ఎండ ఇచ్చేది కొసరే. ఆ కొసరుతోనే ఇల్లు చేరాలి.

లెక్క కుదిరింది. లెక్కలు నాకెప్పుడూ కుదురుతాయి.

ఏప్రిల్ 26

ఇక్కడే తెనాలి మారీసుపేటలో నాగశివ వెల్డింగు షెడ్డు. ఇనుప తుక్కుతో సింహాలూ ఏనుగులూ చేసి ఊళ్లకు పంపే మనిషి. సైకిలు తీసుకెళ్తే దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, “ముందు సింహం తల పెడదామా మేడమ్?” అన్నాడు.

“చేపలబండికి సింహమేంటయ్యా?”

“పోనీ చేప తల.”

“ఏ తలా వద్దు. తేలిగ్గా ఉండాలి.”

“తేలిగ్గా అంటే?” నిజంగానే అర్థం కానట్టు అడిగాడు.

మే 3

తేలిగ్గా అంటే ఏమిటో అతనికి తెలియదు.

ఫ్రేము తయారైందని ఫోన్ చేస్తే పరుగెత్తుకెళ్లాను. అతనూ ఇద్దరు పనివాళ్లూ కలిసి ఎత్తి చూపించారు. వెనక భాగానికి వాడింది ఏనుగు కాళ్లకు వాడే గొట్టం. “వందేళ్లుంటది మేడమ్” అన్నాడు. వందేళ్లుంటుంది, కదలదు అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత ఇద్దరం కూర్చుని ఏ గొట్టం ఎక్కడ సన్నంగా ఉండొచ్చో సుద్దముక్కతో నేల మీద గీసుకున్నాం. నేను వెల్డింగు అద్దం పెట్టుకుని ఒక అతుకు వేశాను. నా అతుకు పురుగులు తిన్న ఆకులా ఉంది. “లోపలి వైపే కదా, కనపడదులెండి” అని ఉంచేశాడు.

నా అతుకు ఒకటి ఆ బండిలో ఉంది! ఇంటికొచ్చి ఈయనకు మూడుసార్లు చెప్పాను.

మే 9

మోటారు తిరిగింది.

మే 10

నిన్న అంతకన్నా రాయలేకపోయాను. బండిని తలకిందులుగా పెట్టి, అరువు తెచ్చిన బ్యాటరీకి తీగలు కలిపి యాక్సిలేటరు కొంచెం తిప్పగానే వెనక చక్రం గిర్రున తిరిగింది, పుల్లలన్నీ కలిసిపోయి వెండి పళ్లెంలా. షెడ్డులో అందరూ ఆగి చూశారు. నాగశివ ఈలవేశాడు. ఈ మోటారు సూత్రం ఎన్నిసార్లు చెప్పాను! ఒక్కసారి కూడా ఒళ్లు ఇలా పులకరించలేదు.

కానీ ఉత్త చక్రం ఎవరికైనా తిరుగుతుంది. బరువేస్తే?

మే 18, బాపట్ల

జెన్నిఫర్ ఇంట్లో ఉన్నాను. యూనివర్సిటీలో నా రూమ్మేటు, ఇక్కడ డిప్లొమా పిల్లలకు ఎలక్ట్రికల్ చెబుతుంది. బ్యాటరీ తను కట్టింది. సోలార్ పలక తన మేడ మీద ఖాళీగా పడి ఉన్నది ఇచ్చింది. పలక వోల్టేజి తక్కువ, బ్యాటరీది ఎక్కువ. మధ్యలో పెంచే కంట్రోలరు పెట్టాం.

పొద్దున్నే సూర్యలంక రోడ్డు మీద నడిపి చూశాం. పెట్టెల నిండా నీళ్ల డబ్బాలు. మొదట నేను. ఎంతకాలమైందో సైకిలెక్కి. చీర కుచ్చిళ్లు దోపుకుని, రెండు తొక్కులు తొక్కి, యాక్సిలేటరు తిప్పితే వెనక నుంచి ఎవరో మెత్తగా నెట్టినట్టయింది. సరుగుడు తోటలు వెనక్కి పోతున్నాయి. సముద్రం వాసన. గట్టిగా అరిచాను. ఏమని అరిచానో నాకే తెలియదు.

“బ్రేకు వెయ్యవే! సముద్రంలోకి పోతావ్!” వెనక స్కూటీ మీద జెన్నిఫర్.

పలక కట్టిన చోట మీటరులో అంకె కదులుతోంది. ఎండ బ్యాటరీలోకి దిగుతోంది. మబ్బు వస్తే తగ్గుతోంది, పోతే పెరుగుతోంది. ఇద్దరం ఇసుక మీద కూర్చుని ఆ అంకెనే చూశాం, ఇడ్లీలు చల్లారిపోయే దాకా.

“ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదే నువ్వు?” అంది.

చల్లారిన ఇడ్లీ పొట్లం విప్పాను. ఇప్పుడు చేస్తున్నాగా.

మే 27

బ్రేకులు మార్చాం. పాలవాళ్ల సైకిళ్లకు ఉండే గట్టి స్టాండు పెట్టాం. నాగశివ నాకు తెలియకుండా హ్యాండిలు మీద చిన్న చేప తల అతికించాడు. తీసేయమనలేకపోయాను. బాగుంది.

జూన్ 1

ఈ రోజు బండికి పూజ. గంగరత్నం రైలెక్కి తెనాలి వచ్చింది. పట్టీ తీసేసింది కానీ మెడ ఇంకా పూర్తిగా తిరగదు. బండి చుట్టూ తిరిగింది. పెట్టెల మూతలు తీసింది, వేసింది. మళ్లీ తీసింది.

“ఇది నాదేనా అమ్మాయిగోరూ?”

“నీదే.”

పసుపు గిన్నె తను తెచ్చుకుంది. పలక ముందు అంచున ఒక వరుస నిండా, గడపకు పూసినట్టు చిక్కగా పసుపు రాసింది. దాని మీద కుంకుమ బొట్లు నేనే పెట్టాను. నిమ్మకాయ తొక్కించాం. నాగశివ కొబ్బరికాయ కొట్టాడు. బంగారు రంగు అంచు వేసిన నల్ల చీరలా ఉంది పలక. ఎన్ని ఫోటోలు తీశానో.

పలక మీద పసుపు అడ్డమేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఉన్న తొమ్మిది వరుసల్లో ఒకటే కదా. కాస్త తగ్గుతుంది, అంతే.

జూన్ 3, రేపల్లె

చిన్న ట్రక్కులో బండి వచ్చింది. గంగరత్నం చిన్నప్పుడు రేవుకు నాన్నకు కారేజీ తీసుకెళ్లడానికి సైకిలు తొక్కేదట. ఆ అలవాటు రెండు రోజుల్లో మళ్లీ వచ్చేసేలా ఉంది. అక్క వీధిలో జనం తిరనాళ్లకు వచ్చినట్టు చేరారు.

వాళ్లలో ధనమ్మ అనే ఆమె ఉంది. ఆమెదీ చేపల గంపే, కాలవ అవతలి వీధులు. నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, “ఏమే రత్నం, ఇంక మాతో మాటాడతావా, హారనేనా?” అంది. అందరూ నవ్వారు. గంగరత్నం హారను కొట్టింది.

జూన్ 5

పనిచెయ్యడం లేదు.

పూర్తి బరువుతో రేవు నుంచి రేపల్లె వచ్చి, పొద్దెక్కేదాకా అక్క వీధిలో ఎండలో నిలిపి, తిరిగి బయలుదేరాం. ఆమె బండి మీద, నేను వెనక అక్కవాళ్ల స్కూటీ మీద. నిజాంపట్నం ఇంకా కనబడకముందే ఆగిపోయింది. ఎండ నుంచి దాదాపు ఏమీ ఎక్కలేదు. అంత బరువును తొక్కలేక దిగి నెట్టింది. ఇద్దరం కలిసి నెట్టాం. మెడ పట్టుకుందని చెప్పలేదు కానీ చెయ్యి అక్కడికే పోతోంది.

“షెడ్డు వాళ్లు సోమవారం లోపల చెప్పమన్నారు అమ్మాయిగోరూ,” అంది. నిష్ఠూరంగా కాదు. అందుకే భరించలేకపోయాను.

జూన్ 6

కంట్రోలరు విప్పాను. బిగించాను. నాగశివ పలక చట్రానికి బెజ్జాలు వేసేటప్పుడు అదిరి లోపల విరిగి ఉంటుంది. ఫోన్ చేసి అదే అన్నాను. “నేను బెజ్జం వేస్తే విరగదు మేడమ్, మీరు లెక్క వేస్తే తప్పుతుందేమో చూసుకోండి” అని పెట్టేశాడు.

జెన్నిఫర్ ఇచ్చిన పలకే పాతదై ఉంటుంది. సూర్యలంకలో పనిచేసింది నిజమే. అప్పుడు సముద్రపు వెలుతురు ఎక్కువ కదా.

ఏమిటీ రాతలు.

జూన్ 7

నవ్వాలో తల గోడకు కొట్టుకోవాలో తెలియడం లేదు. నవ్వుతున్నాను.

జెన్నిఫర్ వీడియో కాల్ చేసి, “అన్నీ వద్దు, ముందు పలక చూపించు” అంది. చూపించాను.

“ఒసేయ్ మాధవీ. అది పలకా, మీ ఇంటి గడపా?”

“పూజ చేశామే. ఒక్క వరుసేగా.”

“ఒక్క వరుస! పలకలో గడులన్నీ ఒకదాని వెనక ఒకటిగా కదా కలిపి ఉంటాయి తల్లీ!”

అప్పుడు వెలిగింది. పైపులో ఒకచోట గుడ్డ కుక్కితే మిగతా పైపంతా ఖాళీగా ఉన్నా నీళ్లు రావు. ఈ ముక్క నేను ఏటా క్లాసులో చెబుతాను. పరీక్షలో ప్రశ్న కూడా ఇస్తాను. కుంకుమ బొట్లు నా చేతులతో నేనే పెట్టాను!

తడిగుడ్డ తీసుకుంటే గంగరత్నం చెయ్యి పట్టుకుంది. “తుడవగూడదమ్మా. బొట్టు తుడుస్తారా ఎవరైనా?”

“మరి ఎండ ఎక్కాలిగా వదినా.”

ఆలోచించింది. “తుడిస్తే తప్పు. తానం చేయిస్తే తప్పేముంది?”

బండికి తలస్నానం చేయించాం. చెంబులతో నీళ్లు పోస్తూనే ఉంటే పసుపు తనంతట తానే కరిగి కాలవలోకి పోయింది. ధనమ్మ కూడా దారిన పోతూ రెండు చెంబులు పోసి వెళ్లింది. పలక ఆరీ ఆరగానే మీటరులో అంకె లేచింది. గంగరత్నం ఆ అంకెకు దణ్ణం పెట్టింది. పసుపు ఇప్పుడు హ్యాండిలు మీది చేప నుదుట ఉంది.

నాగశివకు ఫోన్ చేసి తప్పు నాదే అన్నాను. “పసుపా!” అని నవ్వుతూనే ఉన్నాడు. ఫోనుకు అవతల ఇంకెవరికో చెప్పడం కూడా వినిపించింది. చెప్పుకోనీ.

జూన్ 9

నిన్న పూర్తి బరువుతో వెళ్లి వచ్చింది. ఇల్లు చేరాక కూడా చార్జింగు మిగిలింది. ఈ రోజు షెడ్డు వాళ్లకు రానని చెప్పేసిందట.

నాకు భయంగా ఉంది. సంతోషంగా కూడా.

జూన్ 14

రేపు మొదటి చేప. రేపల్లెలోనే ఉన్నాను. కాలేజీ తెరిచారు. జ్వరమని సెలవు చెప్పాను. జ్వరం లాంటిదే.

జూన్ 15

వచ్చింది!

అక్క పొయ్యి మీద ఎసరు పెట్టకముందే వీధి మలుపులో హారను. ఆ వెనక, “చేపలమ్మా చేపలు! కానాగంతలు, చందువాలు! బతికున్నట్టున్నాయి రండమ్మా!” ఇంకెవరూ గంప దించని వీధి. ఆమె వీధి. మార్కెట్టు వైపు నుంచి వేరే ఒకావిడ గంపతో వస్తూ ఉంది, హారను విని మలుపులోనే ఆగి వెనక్కి తిరిగింది.

బోణీ అక్కే చేసింది. ఎప్పుడూ బేరం ఆడే అక్క, ఈ రోజు ఆడలేదు. ఐసు ఇంకా కరగలేదు, చేప కళ్లు గాజు పూసల్లా ఉన్నాయి. గంగరత్నం బండి స్టాండు వేసి, కత్తిపీట కింద పెట్టి, చేప కోస్తూ నావైపు చూసింది. మెడ తిప్పి చూసింది! ఒళ్లంతా కాదు, మెడ.

ఈయనకు ఫోన్ చేస్తే ఏడుపొచ్చింది. “ఆగిపోయిందా?” అన్నారు కంగారుగా. “కాదండీ, నడుస్తోంది,” అన్నాను.

జూన్ 16

కొత్తగా ఇంకో ఫ్రేము మొదలుపెట్టానని నాగశివ ఫోను. ఎవరికని అడిగితే, “ఎవరో ఒకరు వస్తారు మేడమ్” అన్నాడు. ఈసారి గొట్టం సన్నదట.

జూన్ 21

శనివారం రేపల్లె వచ్చాను. గంగరత్నం ఇప్పుడు తన వీధులన్నీ టిఫిన్ల వేళకే ముగిస్తోంది. పెట్టెల్లో ఇంకా చేప ఉంటోంది, బండిలో ఇంకా చార్జింగు ఉంటోంది. కాలవ వంతెన దాటుతోంది.

నాతో ఎంత ఉత్సాహంగా చెప్పింది! నేనూ అంతే ఉత్సాహంగా విన్నాను. ఎంత దూరం, ఎంత ఎక్కింది, వంతెన ఎత్తు మీద మోటారు ఎలా లాగింది, అన్నీ అడిగాను. అది ఎవరి వీధి అని మాత్రం అడగలేదు.

జూన్ 22

ధనమ్మ వచ్చింది. అక్క లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం మెట్టు మీద గంప దించింది. గంపలో చేపలు సగం పైనే ఉన్నాయి, అప్పటికే మెత్తబడుతున్నాయి.

“నేనేం అనట్లేదమ్మా. రత్నం మంచిదే. దానికి మెడ బాగోపోతే మేమే కదా గంప ఎత్తి పెట్టింది. నేను నడిచి ఎల్లేసరికి అది వచ్చి ఎల్లిపోయి ఉంటంది. ఆ బండి కాలవ దాటొద్దని మీరొక్క మాట అనండి. మీ మాట వింటది.”

“నీకూ ఒకటి చేయిస్తే? ఫ్రేము తయారవుతోంది.”

“నాకు సైకిలే రాదు తల్లీ. ఈ వయసులో ఈ మోకాళ్లతో ఏం ఎక్కుతాను? నాకు బండొద్దు. నా వీధి నాకు ఉంటే చాలు.”

ఆమె చేపలన్నీ అక్క, నేను, పక్కింటివాళ్లు కొనేశాం. అదేదో పరిష్కారమైనట్టు.

సాయంత్రం గంగరత్నం కనిపిస్తే, నెమ్మదిగా, “కాలవ అవతల ధనమ్మ వీధులు కదా వదినా?” అన్నాను.

“మొదటి రోజు బోణీ అదే చేసింది, కాదన్ను,” అంది. కాసేపు బండి చక్రం వైపు చూసింది. “ఇన్నాళ్లూ నా కాళ్లు ఎక్కడిదాకా ఎల్తే అక్కడిదాకే నా వీధి అమ్మాయిగోరూ. ఇప్పుడు కాళ్లు పెరిగాయి. పెరిగిన కాళ్లు నరుక్కోమంటారా?” నవ్వుతూనే అంది. తర్వాత నవ్వు ఆపి, “మీరు ఎల్లొద్దంటే ఎల్లను. మీరు చేసిన బండి,” అంది.

ఆమె అలా అనకుండా ఉంటే బాగుండేది.

జూన్ 23, తెనాలి

క్లాసులో మాట మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను.

ఈయనను అడిగితే, “నువ్వు ఇచ్చింది బండి, అది ఏ రోడ్డెక్కాలో నువ్వు చెప్పకూడదు” అన్నారు. జెన్నిఫర్‌ను అడిగితే, “చెప్పెయ్యవే, ధనమ్మది న్యాయం” అంది. ఇద్దరూ సరిగ్గానే చెప్పారనిపించింది. నాకు అదే ఇబ్బంది.

వెళ్లొద్దని నేనంటే గంగరత్నం వెళ్లదు. అప్పుడు ఆ బండి ఆమెది కాదు, నాది. ఇది నీదే అని నేనే అన్నాను. నేనేమీ అనకపోతే ధనమ్మ గంప రోజూ సగం నిండుగా ఇంటికి పోతుంది. దానికి కారణం ఆమె కాళ్లు కాదు, నేను పెట్టిన మోటారు. ఆ మోటారు తిరిగిన రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. సిగ్గుపడాలా అందుకు? పడలేకపోతున్నాను.

ఆదివారం మళ్లీ రేపల్లె వెళ్లాలి. ఇద్దరూ కనిపిస్తారు. గంగరత్నంతో ఆ మాట అనాలో వద్దో నాకు తెలియడం లేదు. అనడానికి నాకు హక్కుందో లేదో కూడా తేల్చుకోలేకపోతున్నాను.